సీతాకోకచిలుక ముద్రలు: ప్రతీక, పరిమిత ప్రతులు, ధర

చిత్రకారుడు రాగి పలక మీదో, జింకు పలక మీదో, రాతి మీదో, సిల్కు తెర మీదో బొమ్మను సిద్ధం చేసి, దాని నుంచి ముందుగా అనుకున్నన్ని ప్రతులు మాత్రమే తీసి, ఒక్కొక్క దాని కింద పెన్సిలుతో వరస సంఖ్య, సంతకం వేస్తే దాన్ని పరిమిత ముద్ర అంటారు. కళాబజారులో ‘ఎడిషన్’ అన్న మాటే వాడుక. నాలుగు శతాబ్దాలుగా ఇలాంటి ముద్రల్లో మళ్ళీ మళ్ళీ వాలుతున్న బొమ్మ సీతాకోకచిలుక. ఆ బొమ్మకున్న అర్థాలు ఒక కథ, అది అచ్చయిన కాగితానికి పలికే ధర మరో కథ. అమ్మేవాళ్ళు రెంటినీ కలిపి చెబుతారు. కొనేవాళ్ళు విడదీసి చూసుకోవాలి. తెలుగువారికి ఈ విషయం దూరపుది కాదు. ప్రపంచ ముద్రణ కళలో పేరు పొందిన పద్ధతుల్లో ఒకదాని వెనుక చిత్తూరు జిల్లా మనిషి ఉన్నాడు. సీతాకోకచిలుక పేరు వింటే ఇప్పటికీ ఉలిక్కిపడే ఉద్దానం ప్రాంతం శ్రీకాకుళం జిల్లాలో ఉంది.

ఉద్దానంలో సీతాకోకచిలుక

కోటబొమ్మాళి, టెక్కలి, పలాస ప్రాంతాల పెరళ్ళలో కరివేపాకు మొక్క ఉన్న ఇంట సీతాకోకచిలుక పుట్టుక చూడటం కష్టం కాదు. నిమ్మజాతి చెట్లనూ కరివేపాకునూ తిని పెరిగే రకాలు లేత ఆకుల మీద ఒక్కొక్క గుడ్డే పెడతాయి. పిల్లపురుగు మొదట్లో పిట్ట రెట్టలా నల్లగా, తెల్లగా ఉంటుంది. పక్షులు దాని జోలికి రావు. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనుక నుంచి రెండు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. ఒక పూటలో రెమ్మంతా మోడు చేస్తుంది కాబట్టి ఇంటి ఆడవాళ్ళు దాన్ని ఏరి పారేస్తారు. రెక్కలు వచ్చాక అదే పురుగును చూసి పిల్లలు కేరింతలు కొడతారు. ఈ రెండు ముఖాలే ఈ ప్రతీకకు ఆధారం.

ఉద్దానానికి మూడో ముఖం కూడా తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తుపాను పేరు ‘తిత్లీ’, అంటే సీతాకోకచిలుక. ఉత్తర హిందూ మహాసముద్రపు తుపాన్లకు పేర్లు పెట్టే దేశాల జాబితాలో ఆ పేరు పాకిస్తాన్ ఇచ్చింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో, ఉండుండి 165 దాకా వీచింది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉండే ఉద్దానంలో లక్షల చెట్లు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికే ఏళ్ళు పడుతుంది. ఇక్కడి రైతుతో సీతాకోకచిలుక ఆశకు గుర్తని చెప్పేవారు కాస్త తగ్గి మాట్లాడాలి.

చిత్రమేమిటంటే వాతావరణ శాస్త్రంలోనూ ఈ పురుగుకు ఒక పీట ఉంది. అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1972లో చేసిన ప్రసంగం శీర్షికలో, బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సాస్‌లో సుడిగాలి పుడుతుందా అన్న ప్రశ్న ఉంది. అంతకు ముందు ఆయన తన వాదానికి ఉదాహరణగా సముద్రపు కొంగను వాడేవాడు. కొంగతో రాని పేరు సీతాకోకచిలుకతో వచ్చింది. బొమ్మకున్న ఆకర్షణ ఎంతటిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రతీక

గ్రీకులు ఆత్మకూ సీతాకోకచిలుకకూ ఒకే మాట వాడారు. క్రైస్తవ చిత్రకళలో అది పునరుత్థానానికి గుర్తు. చైనా తత్త్వవేత్త చువాంగ్ త్జు, తాను సీతాకోకచిలుకనైనట్టు కలగన్నానా, సీతాకోకచిలుకే నేనైనట్టు కలగంటోందా అని అడిగిన కథ లోకప్రసిద్ధం. జపాన్ చెక్కముద్రల్లో పియోనీ పూల మీద వాలిన సీతాకోకచిలుకలకు కొదవ లేదు. హొకుసాయి వేసిన బొమ్మ వాటిలో పేరున్నది.

మన సంప్రదాయం దారి వేరు. తెలుగు కావ్యాల్లోనూ జానపద పాటల్లోనూ పువ్వు దగ్గర పెత్తనం తుమ్మెదది. దీపం దగ్గర పని శలభానిది. మంటలో పడి మాడిపోయే ఆ పురుగే హైదరాబాదు ముషాయిరాల్లో ‘పర్వానా’గా ప్రేమికుడి వేషం కట్టింది. సీతాకోకచిలుకకు మన పాత సాహిత్యంలో దక్కింది తక్కువ. అది ప్రేమకు, స్వేచ్ఛకు జనం నోట నానే గుర్తుగా మారడంలో సినిమా పాత్ర కూడా ఉంది. భారతీరాజా దర్శకత్వంలో 1981లో వచ్చిన ‘సీతాకోకచిలుక’ తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. కాబట్టి సీతాకోకచిలుక ముద్రను భారతీయ సనాతన ప్రతీక అని చెప్పి అమ్మే మాటలను అంతగా నమ్మనక్కరలేదు.

మేరియన్ నుంచి విస్లర్ దాకా

సీతాకోకచిలుకనూ ముద్రణనూ గట్టిగా ముడివేసిన తొలి వ్యక్తుల్లో ఒకరు జర్మనీలో పుట్టిన మారియా సిబిల్లా మేరియన్. 1699లో కూతురితో కలిసి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్ళి, అక్కడి పురుగుల జీవితాన్ని కళ్ళారా చూసి బొమ్మలు గీసింది. 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 60 రాగి పలకల గ్రంథం వెలువరించింది. గొంగళిపురుగు, గూడు, రెక్కల పురుగు, అది తినే మొక్క ఒకే పలక మీద కనిపించడం అప్పటికి కొత్త. రంగు లేని ప్రతికి ఒక ధర, చేత్తో రంగులద్దిన ప్రతికి అంతకు మించిన ధర. ఒకే పలక నుంచి వచ్చిన కాగితాలకు వేర్వేరు ధరలు ఉండొచ్చన్న వ్యాపార సూత్రం అప్పటికే ఆమెకు తెలుసు.

ఆ సూత్రాన్ని ఇవాళ్టి రూపానికి తెచ్చినవారిలో చిత్రకారుడు జేమ్స్ విస్లర్ ముఖ్యుడు. ఆయన సంతకమే సీతాకోకచిలుక. తన పేరులోని తొలి అక్షరాలను మెలితిప్పి రెక్కల పురుగుగా మార్చుకున్నాడు, ఆ తర్వాత దాని తోకకు కొండి కూడా తగిలించాడు. విమర్శకుడు రస్కిన్ మీద పరువునష్టం దావా వేసి 1878లో గెలిచాడు గాని, కోర్టు ఇప్పించిన పరిహారం ఒక్క ఫార్దింగ్, పెన్నీలో నాలుగో వంతు. ఖర్చులు మీద పడి మరుసటి ఏడు దివాలా తీశాడు. అప్పుడు లండన్ ఫైన్ ఆర్ట్ సొసైటీ పన్నెండు ఎచింగ్‌ల కోసం ఆయన్ని వెనిస్ పంపింది. వాటిని ఒక్కొక్కటి 100 ప్రతులకు పరిమితం చేయాలని ఒప్పందం. విస్లర్ వేరొకరికి వదలకుండా చాలా ప్రతులను తానే ముద్రించేవాడు. సిరా ఎంత తుడవాలి, ఎంత ఉంచాలి అన్నది ప్రతిసారీ మార్చేవాడు. అందుకే ఆ 100 పూర్తవడానికి ఏళ్ళు పట్టింది. కాగితం అంచులను బొమ్మ దాకా కత్తిరించి, కింద ఒక చిన్న నాలుక మాత్రం వదిలి, దాని మీద పెన్సిలుతో సీతాకోకచిలుకను గీసేవాడు. ఆ నాలుక ఊడిపోయిన ప్రతికి, ఉన్న ప్రతికి ధరలో తేడా ఉంటుంది. పరిమిత సంఖ్య, కళాకారుడి చేతి ముద్రణ, పెన్సిలు సంతకం అనే మూడూ ఆ చిన్న కాగితపు ముక్క దగ్గర కలిశాయి.

కృష్ణారెడ్డి పలక

1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి ఋషివ్యాలీలో చదివి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర శిష్యరికం చేశాడు. మద్రాసు కళాక్షేత్రంలో కొంతకాలం బోధించి లండన్ వెళ్ళాడు, అక్కడి నుంచి పారిస్ చేరి జాద్కిన్ దగ్గర శిల్పం నేర్చాడు. స్టాన్లీ విలియం హేటర్ నడిపే అతెల్యే 17 అనే ముద్రణశాల ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. తర్వాత ఆయనే దాని నిర్వహణలో భాగస్వామి అయ్యాడు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1970ల రెండో సగంలో న్యూయార్క్‌లో స్థిరపడి 2018 ఆగస్టులో కన్నుమూశాడు.

అప్పటిదాకా రంగుల ముద్ర అంటే ఒక్కో రంగుకు ఒక్కో పలక. మూడు రంగులకు మూడు పలకలు చెక్కి, మూడుసార్లు ఒకే కాగితం మీద గురి తప్పకుండా నొక్కాలి. హేటర్, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, కృష్ణారెడ్డి తదితరులు పారిస్‌లో రూపొందించిన పద్ధతిలో పలక ఒక్కటే, నొక్కు ఒక్కటే. దాన్ని విస్కాసిటీ ముద్రణ అంటారు. పలకను శిల్పంలా వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. మొదట గాడుల్లో సిరా నింపి పైభాగం తుడుస్తారు. అవిసె నూనె ఎక్కువ కలిపిన పల్చటి సిరాను గట్టి రోలరుతో దొర్లిస్తే అది మెట్టల మీద మాత్రమే అంటుకుంటుంది. ఆ తర్వాత నూనె తక్కువున్న చిక్కటి సిరాను మెత్తని రోలరుతో దొర్లిస్తారు. మెత్తని రోలరు పల్లాల్లోకి కూడా దిగుతుంది. కాని మెట్టల మీద ముందే ఉన్న నూనె సిరా ఈ రెండోదాన్ని తామరాకు నీటిని నిలవనీయనట్టు నిలవనీయదు. రంగులు కలిసి మురికి కాకుండా దేని చోట అది ఉంటుంది. తడిపిన కాగితాన్ని పలక మీద పరిచి, కంబళి కప్పి, ప్రెస్సులోంచి ఒక్కసారి నడిపిస్తే చాలు.

చేప, పురుగు, అల, సుడిగుండం, మొలకెత్తే విత్తు ఆయన తొలినాటి ముద్రల విషయాలు. వాటి మధ్యే, 1950లలో చేసిన ‘రూపు కడుతున్న సీతాకోకచిలుక’ ఉంది. పేరు గమనించదగ్గది. రెక్కలు విప్పి కూర్చున్న అందమైన పురుగు ఆయనకు అక్కర్లేదు, అవుతూ ఉన్నది కావాలి. అమ్మకానికి అనువైన అలంకారపు సీతాకోకచిలుకలు ప్రపంచంలో కోకొల్లలు. తాను చెక్కే లోహమూ తాను చూపే పురుగూ ఒకే పని చేస్తున్న ముద్రలు అరుదు. ఈ వ్యాసకర్త దృష్టిలో సీతాకోకచిలుక ముద్రల చరిత్రలో దీనికి దక్కాల్సిన చోటు తర్వాత వచ్చిన డేమియన్ హర్స్ట్ రెక్కల ముద్రలకన్నా పైదే, ధరలు ఏం చెప్పినా సరే.

బజారు కోణంలో కృష్ణారెడ్డి ముద్రలకు ఒక ప్రత్యేకత ఉంది. నూనె పాళ్ళు, రోలరు ఒత్తిడి, తుడిచిన తీరు కొంచెం మారినా రంగు మారుతుంది. ఒకే ఎడిషన్‌లోని రెండు ప్రతులు పక్కపక్కన పెడితే ఒకటి నీలం వైపు, ఒకటి ఎరుపు వైపు ఒరిగి ఉండొచ్చు. కాబట్టి పాత వేలం ధర చూసి లెక్క కట్టడం కుదరదు, కాగితాన్ని స్వయంగా చూడాలి.

వార్హాల్, హర్స్ట్

ఆండీ వార్హాల్ 1983లో చేసిన అంతరించిపోతున్న జీవుల పది సిల్కుతెర ముద్రల్లో ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కో సిల్వర్‌స్పాట్ అనే సీతాకోకచిలుక. ఎడిషన్ 150. అయితే దానికి తోడు 30 కళాకారుడి ప్రూఫులు, ఇంకా ముద్రాపకుడి ప్రూఫులు వగైరా ఉన్నాయి. 150 అన్న అంకె వెనుక అసలు సంఖ్య ఇంకా పెద్దదన్నమాట. ఇది మోసం కాదు, ఆనవాయితీ. కొనేవాడు అడిగి తెలుసుకోవాల్సిన ఆనవాయితీ.

డేమియన్ హర్స్ట్ 1991లో లండన్‌లో బతికున్న సీతాకోకచిలుకలను గదిలో వదిలి ప్రదర్శన చేశాడు. 2012లో టేట్ మోడర్న్‌లో దాన్ని మళ్ళీ పెట్టినప్పుడు వేల పురుగులు చనిపోయాయని విమర్శలు వచ్చాయి. 2022లో హెనీ సంస్థ ద్వారా ఆయన తెచ్చిన ‘సామ్రాజ్ఞులు’ అయిదు ముద్రల వరస. ఎరుపు, నలుపు రెక్కల అమరికలకు అయిదుగురు రాణుల పేర్లు పెట్టారు, అందులో మన నూర్జహాన్ ఒకరు. ఎన్ని ప్రతులు అన్నది ముందే చెప్పలేదు. కొద్ది రోజుల గడువు పెట్టి, ఆ లోపు ఎన్ని ఆర్డర్లు వస్తే అన్ని తీశారు. ఇక్కడ పరిమితి కళాకారుడిది కాదు, కొనుగోలుదారుల ఆత్రానిది. ఎంత గిరాకీ ఉంటే అంత సరుకు వచ్చేశాక, కొరత వల్ల ధర పెరుగుతుందని ఆశించడంలో తర్కం తక్కువ.

ధర దేన్నిబట్టి

ముద్ర కింద 12/75 అని ఉంటే 75 ప్రతుల్లో పన్నెండోది అని అర్థం. చిన్న అంకె ఉంటే మేలైనదన్న నమ్మకం బజారులో ఉంది గాని, ముద్రించిన వరసలోనే సంఖ్యలు వేస్తారన్న హామీ లేదు. ఒక్క డ్రైపాయింట్ విషయంలో మాత్రం తొలి ప్రతులకు నిజంగా విలువ ఎక్కువ. సూదితో గీసినప్పుడు లేచే లోహపు నూగు కొన్ని నొక్కులకే అణిగిపోయి గీత పలచబడుతుంది.

ఎడిషన్ పూర్తయ్యాక పలక మీద అడ్డంగా గీత కొట్టి రద్దు చేయడం నిజాయితీకి గుర్తు. సంతకం ఒక్కటే ఉంటే చాలదని దాలి ఉదంతం చెబుతుంది. 1974లో ఫ్రెంచ్ కస్టమ్స్ వారు ఆపిన లారీలో సాల్వడార్ దాలి సంతకం చేసిన 40,000 ఖాళీ కాగితాలు దొరికాయి. నిజమైన సంతకం కింద తర్వాత ఏ బొమ్మైనా అచ్చేసుకోవచ్చు. ఆ దెబ్బతో దాలి మలినాటి ముద్రల మీద బజారుకు నమ్మకం సడలింది.

మన దగ్గర తరచుగా జరిగే గందరగోళం వేరు. చిత్రకారుడు కాన్వాస్ మీద వేసిన బొమ్మను ఫొటో తీసి, మంచి ఇంక్‌జెట్ యంత్రం మీద అచ్చేసి, సంఖ్య వేసి, సంతకం పెట్టించి ‘పరిమిత ఎడిషన్’ అని అమ్ముతారు. గోడకు బాగానే ఉంటుంది. కాని చిత్రకారుడు లక్ష్మాగౌడ్ తానే గీసి ఆమ్లంలో ముంచిన ఎచింగ్‌కూ, ఎవరిదో పెయింటింగ్‌కు తీసిన నకలుకూ ఒకే కొలత పనికిరాదు. పన్ను చట్టం కూడా ఈ తేడా పాటిస్తుంది. కళాకారుడు పూర్తిగా చేత్తో తయారుచేసిన పలకల నుంచి నేరుగా వచ్చిన ముద్రలనే అసలైన ముద్రలుగా గుర్తిస్తుంది, యాంత్రిక, ఫొటోయాంత్రిక పద్ధతులను మినహాయిస్తుంది. అసలైన ముద్రల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

పరిమితం కాని ముద్ర కాలక్రమాన పరిమితం కావడమూ ఉంది. రవివర్మ 1894లో బొంబాయి ఘాట్కోపర్‌లో ప్రెస్సు పెట్టి దేవుళ్ళ పటాలను లెక్కలేనన్ని అచ్చేయించాడు. అవి తెలుగు ఇళ్ళలో పూజ గదుల దాకా వచ్చాయి. పసుపు కుంకుమల మరకలు, చెద, వాన కలిసి వాటిలో చాలా వాటిని హరించగా మిగిలినవాటికి ఇవాళ సేకర్తలు ఉన్నారు. అక్కడ ఎడిషన్‌ను నిర్ణయించింది చెదపురుగు.

ఇక లాభం మాట. 20,000 రూపాయలకు కొన్న ముద్ర వేలంలో 30,000 పలికిందనుకుందాం. అందులో వేలం సంస్థ కమిషన్ 10 శాతమైతే 3,000 పోతుంది. ఫ్రేము, రవాణా, బీమా, పన్ను తీసేస్తే చేతికొచ్చేది చూసి చాలామంది నిట్టూరుస్తారు. పైగా అమ్మాలనుకున్న రోజే కొనేవాడు దొరకడు. టెక్కలిలో బంగారం తాకట్టు పెట్టినంత తేలిగ్గా ముద్రను డబ్బు చేసుకోలేము. బొమ్మ నచ్చి కొన్నవాడికి ఈ బాధ లేదు.

తీరప్రాంతంలో కాగితం

ఎంత మంచి ముద్ర అయినా ఉప్పుగాలి, తేమ ఉన్న ఉద్దానంలో దాని విలువ కాగితం మీదే ఆధారపడుతుంది. మంచి ముద్రలకు వాడేది ఆమ్లం లేని పత్తి కాగితం. గాలిలో తేమ 50 శాతం దగ్గర ఉంటే దానికి సుఖం. అది 65, 70 దాటి నిలిచిపోతే బూజు పడుతుంది, గోధుమరంగు చుక్కలు లేస్తాయి. వెండిపురుగులు కాగితపు పైపొరను గీకి తింటాయి.

అంతకన్నా ఎక్కువ నష్టం పటాల షాపులో జరుగుతుంది. చేతిలో పెట్టిన ముద్రను షాపులో ముందు ఫ్రేముకు సరిపడేలా నాలుగు పక్కలా కోస్తారు. సంఖ్య, సంతకం ఉన్న అంచు ఆ కోతలోనే పోతుంది. తర్వాత హార్డ్‌బోర్డుకు గమ్ముతో అంటిస్తారు, మన్నుతుందని పైన లామినేషన్ వేస్తారు. అద్దం నేరుగా సిరాకు ఆనేలా బిగిస్తారు. పెళ్ళి ఫొటోకు ఇది సరిపోతుంది. ముద్రకైతే ఈ పనులన్నీ అయ్యేసరికి బజారు విలువ దాదాపు సున్నా. అంచులు కోయకుండా, ఆమ్లం లేని అట్ట కిటికీలో, జపాన్ కాగితపు బందులతో పైనుంచి మాత్రమే వేలాడదీసి, అద్దానికీ బొమ్మకూ మధ్య సందు వదలమని రాసి ఇవ్వడం మంచిది. వాన జల్లు కొట్టే గోడకు తగిలించకూడదు.

ముద్ర బదులు నిజమైన రెక్కలను అద్దంలో బిగించి అమ్మేవారు కూడా ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న సీతాకోకచిలుకల జాతులు చాలా ఉన్నాయి. వాటిని పట్టడం, అమ్మడం నేరం.

చట్టంలో ఒక లోటు

1957 కాపీరైట్ చట్టంలోని 53ఎ సెక్షన్ ప్రకారం, ఒకసారి అమ్ముడైన చిత్రం మళ్ళీ 10,000 రూపాయలకు మించి అమ్ముడైతే ఆ ధరలో 10 శాతానికి మించకుండా చిత్రకారుడికి వాటా రావాలి. ఆచరణలో ఇది అంతంతమాత్రమే. ముద్రాకారుల ఇబ్బంది మరొకటి. అదే చట్టం మొదట్లో కళాకృతిని నిర్వచించేటప్పుడు పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్‌లతో పాటు ఎన్‌గ్రేవింగ్‌ను కూడా పేర్కొంది. ఎచింగ్‌లు, లితోగ్రాఫ్‌లు, చెక్కముద్రలు అందులోకే వస్తాయని వివరించింది. కాని వాటా ఇచ్చే 53ఎ దగ్గరకు వచ్చేసరికి పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్‌లను, రచనల అసలు రాతప్రతులను మాత్రమే చెప్పి ఎన్‌గ్రేవింగ్‌ను వదిలేసింది.